నాయిన చెక్కిన కీబోర్డు

వికారాబాద్‌లో మా ఇంటి నల్లా కింద వేసిన నాపరాయి మీద నీళ్లు పడి, తడి రాతి వాసన లేచినప్పుడల్లా నా వేళ్లు ఊరుకోవు. ఆ రాయి నిండా గళ్లు, గడికో ఇంగ్లీషు అక్షరం. తాండూరులో బండల పాలిషింగ్ షెడ్డులో పనిచేసిన మా నాయిన బాలప్ప చెక్కినవి అవి. ఆయనకు చదువు రాదు.

తాండూరులో మా బడికి ఒక్కటే కంప్యూటరు, దానికో పూలగుడ్డ ముసుగు. నోట్సంతా తప్పు లేకుండా అప్పజెప్పిన వాళ్లకే దాన్ని ముట్టుకునే భాగ్యమని సారు షరతు పెట్టారు. చలికాలం పొద్దున పొయ్యి మీద కందికాయలు ఉడుకుతుంటే, ఆ ఉప్పటి ఆవిరి పీలుస్తూ, వేడి తొక్కలు ఒలిచి గింజలు నోట్లో వేసుకుంటూ, ఏ మీట నొక్కితే ఏమవుతుందో మొత్తం బట్టీ కొట్టాను. గడగడా అప్పజెప్పి తీరా కూర్చుంటే, నా పేరులోని మొదటి అక్షరమే దొరకలేదు! క్లాసంతా నవ్వింది. సారు ముసుగు కప్పేశారు. ఇంటికెళ్లి ఎంత ఏడ్చానో.

"నేను బండ కొయ్యుడు పుస్తకం జూసి నేర్సుకున్ననా బిడ్డా? చెయ్యి వెట్టాలె," అన్నాడు నాయిన. పుస్తకంలోని మీటల బొమ్మ చూసి, రోజూ షెడ్డు నుంచి రాగానే కనుబొమ్మల మీది దుమ్మైనా కడుక్కోకుండా, ఒక బండ ముక్క మీద వారం పాటు ఉలితో చెక్కాడు.

"ఏదీ, నా పేరు కొట్టు."

కొట్టాను. "ఏం కనవడదు నాయినా, ఇది రాయి."

"నీ చేతి ఏళ్లకు ఎరుకైంది గదా, సాలు."

నెల తర్వాత సారు మళ్లీ ముసుగు తీశారు. రాతి మీది అలవాటుకొద్దీ మీటను గట్టిగా అదిమి పట్టాను. ఒకే అక్షరం తెర నిండా బారులు తీరింది. "అరే, ఖరాబ్ జేస్తవా!" అంటూ సారు ఉరికొచ్చేలోగా, మీటల వంక చూడకుండా కింద నాయిన పేరు కొట్టేశాను. సారు ఆగిపోయారు. గంట కొట్టేదాకా నన్ను లేపలేదు.

ఇప్పుడు ఆఫీసులో ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా పుస్తకం తెరవను, ముందు చెయ్యి పెడతాను. ఆ షెడ్డు మూతబడింది. నాయిన లేడు. తెర మీద తన పేరు చూసుకొమ్మని ఎన్నిసార్లు పిలిచినా "జూస్తలే" అనేవాడు, చూడకుండానే పోయాడు. అక్షరాలు సగం అరిగాయి. ఒక్కోసారి బకెట్ పక్కన పెట్టి, తడి రాయి మీద ఆయన పేరు కొడతాను. ఏమీ కనబడదు. మళ్లీ కొడతాను.