తప్పునాదమ్మ

మా మేనకోడలికి ఉన్నది ఒకటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అంటుంది. వాన రాకపోతే తప్పు నాదే, వచ్చి ఆరేసిన బట్టలు తడిస్తే తప్పు నాదే. ఎవరైనా ఆమె కాలు తొక్కితే, అక్కడ కాలు పెట్టినందుకు వాళ్ళకు క్షమాపణ చెబుతుంది. ఒకసారి మా చెల్లెలి ఇంటి గుమ్మం తలకు తగిలితే గుమ్మానికి "సారీ అండీ" చెప్పింది. నేను కళ్ళారా చూశాను. నుదురు బొప్పి కట్టినా 'అండీ' మాత్రం వదల్లేదు.

అలాంటి పిల్ల ఇరవై ఏడో ఏట శాసనసభకు నిలబడింది. నామినేషన్ వేసిన వారంలోనే ఊరు ఆమెకు 'తప్పునాదమ్మ' అని పేరు పెట్టేసింది.

దాచుకోవడం ఎందుకు, నాకు కుళ్ళు. ముప్పయ్యేళ్ళ కిందట ఇదే నియోజకవర్గంలో నేనూ నిలబడ్డాను. అప్పటికే సగం లోకం కాలినడకన చూసినవాణ్ణి, రాజ్యాంగాల మీద రెండు బీరువాల పుస్తకాలు నమిలినవాణ్ణి. మైకు అందితే రెండు గంటలు వదిలేవాణ్ణి కాదు. వచ్చినవి రెండువందల పన్నెండు ఓట్లు. అందులో మా చెల్లెలి ఓటు లేదని తర్వాత తెలిసింది.

"గెలిస్తే ఒక్కచోట ఉండాలి కదా అన్నయ్యా. నువ్వు ఉండలేవని వెయ్యలేదు" అంది. ఆ మహాతల్లి కూతురే ఈ పిల్ల.

నిలబడక ముందు నాలుగేళ్ళు బస్సు డిపోలో ఫిర్యాదుల కిటికీ దగ్గర పనిచేసింది. కిటికీకి అవతల పొద్దున్నించి సాయంత్రం దాకా కోపంగా ఉన్న ముఖాలు, ఇవతల ఈమె ఒక్కతే. జబ్బు అక్కడే ముదిరిందని నా నిర్ధారణ. ఆ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి దూకినప్పుడు, పదవి మీద ఆశ పుట్టిందనుకున్నాను. నాకూ ఒకప్పుడు పుట్టింది కనుక గుర్తుపట్టడం తేలికనుకున్నాను.

ప్రచారం మొదటిరోజు నేనూ వెంట వెళ్ళాను. మొదటి గుమ్మంలో కుట్టుపని చేసుకునే ఆవిడ మిషను ఆపకుండానే అందుకుంది.

"ఓటా? మూడేళ్ళుగా మా వీధిలో దీపం వెలగట్లేదు. ఏ మొహం పెట్టుకుని వచ్చావమ్మా?"

"తప్పు నాదేనండి."

మిషను ఆగింది. "నీదేమిటి? నువ్వింకా గెలవనే లేదుగా!"

"రోజూ ఈ వీధిలోంచే డిపోకి వెళ్ళేదాన్నండి. ఒక్కసారన్నా తలెత్తి చూడలేదు."

కుట్టుపని ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. "లోపలికొచ్చి కూర్చో తల్లీ. ఇన్నేళ్ళలో ఇది నా తప్పన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అని స్టూలు జరిపింది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. నాకు స్టూలు రాలేదు.

ప్రచారం బాధ్యత నెత్తిన వేసుకున్న లెక్కల మాస్టారికి ఇది బొత్తిగా మింగుడు పడలేదు. "అమ్మాయ్, అవతలివాడి తప్పులన్నీ నువ్వు మోస్తే, ఇక వాణ్ణి ఏమని తిట్టమంటావ్? ఎన్నికల్లో తప్పులు పంచిపెట్టాలి గానీ పోగేసుకోకూడదు!"

"నిజమే మాస్టారూ. తప్పు నాదే."

మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ ఎన్నికలు ముగిసేదాకా ఆయన చేతులు అక్కడి నుంచి దిగినట్టు నాకు గుర్తులేదు.

అన్నట్టు, నేనొకసారి ఒక రేవుపట్నంలో ఇద్దరు కూలీలను చూశాను. మూట ఎవరు జారవిడిచారన్న వాదనలో పడ్డారు. నువ్వంటే నువ్వని మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. ఈలోగా ఓడ వెళ్ళిపోయింది, మూట రేవులోనే ఉంది. మనుషులు తప్పును నిప్పుకణికలా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి విసురుకుంటారనీ, దీని గురించి ప్రాచీనులు ఎంతో రాశారనీ ఒక సభలో జనానికి విప్పిచెప్పబోయాను. కూలీల దాకా వచ్చానో లేదో, ముందు వరసలో ఒకాయన లేచి "అయ్యా, తప్పునాదమ్మ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. ఆమె వచ్చింది. రెండే ముక్కలు చెప్పింది. జనం ఊగిపోయారు. నా ఆరు దేశాల అనుభవం ఓడతోపాటే వెళ్ళిపోయింది.

కుళ్ళు నా ఒక్కడిదే అయితే కొంచెం సిగ్గుపడేవాణ్ణి. పన్నెండేళ్ళుగా ఆ సీట్లో ఉన్న పెద్దాయనకీ పట్టుకుంది. పొలిమేర సభలో ఆయన మైకు విరిగేలా అరిచాడు.

"ఎవరండీ ఆవిడ? పెద్ద రోడ్డు మీద గుంతలకి ఆవిడ క్షమాపణ చెప్పడమేంటి? పన్నెండేళ్ళ నుంచి ఆ గుంతలు నావి! ఆ మురికికాలవ నాది! ఆసుపత్రికి డాక్టరు రావట్లేదంటే అది నా వల్ల! నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల అన్నీ తనవంటుంటే చూస్తూ ఊరుకుంటామా?"

"ఊరుకోం!" అని ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. కొట్టాక గానీ ఏం విన్నారో వాళ్ళకు తట్టలేదు. లెక్కల మాస్టారు ఆ ప్రసంగాన్ని రికార్డు చేయించి, ఒక్క అక్షరం కలపకుండా, వారం రోజులు వీధివీధినా వినిపించాడు.

గాలి మావైపు తిరిగిందని అందరూ అన్నారు. సరిగ్గా అప్పుడే నేను రంగంలోకి దిగాను.

ఆఖరి కరపత్రానికి ముందుమాట రాయమని మాస్టారు అడిగితే నలభై వరసలు రాసిచ్చాను. మానవుడు గుహల్లోంచి బయటపడటంతో మొదలుపెట్టి, ముప్పై ఆరో వరసకు మా నియోజకవర్గం చేరుకున్నాను. ప్రెస్సు నుంచి ప్రూఫు నా చేతికొచ్చింది. నలభై వరసల్లో మిగిలింది 'ఓటర్లకు విన్నపం' అన్న శీర్షిక ఒక్కటే. గుహలు లేవు, మానవుడూ లేడు. ఒళ్ళు మండిపోయింది. కోపంలో ఒక కామా సరిచేసి, మిగతాది చూడకుండా కింద సంతకం గీకి ప్రెస్సాయన మొహాన పారేశాను.

పదిహేను వేల కరపత్రాలు ఒక్కరోజులో ఇంటింటికీ చేరాయి. మర్నాడు పొద్దున్నే కుట్టుపని ఆవిడ ఒకటి పట్టుకుని మా చెల్లెలి ఇంటికి వచ్చింది.

"మావయ్యగారూ, మీ అమ్మాయి మంచిదని నాకు తెలుసు. కానీ మరీ ఇంత మంచిదా? పెద్దాయనకి ఓటెయ్యమంటోందేమిటి?"

కరపత్రం నిండా మా పిల్ల బొమ్మ. కింద పెద్ద అక్షరాల్లో 'మీ ఓటు నాలుగో నంబరుకే'. బ్యాలెట్‌లో మా పిల్లది ఏడో నంబరు. నాలుగు పెద్దాయనది. ప్రెస్సాయన పాత జాబితా చూసి నంబరు కూర్చాడు. అది పట్టుకోవడానికే ప్రూఫు చూసే మనిషిని పెట్టారు. ఆ మనిషి నేనే.

ఇంకో రోజున్నరలో ప్రచారం ఆగిపోతుంది. గెలుపు ఓటముల మధ్య తేడా వెంట్రుకవాసి అని మాస్టారి లెక్క. ముందుగదిలో ముప్పైమంది చేరి అరుస్తున్నారు.

"ప్రెస్సోణ్ణి కొనేశారు! పదండి, కొట్టు మూయిద్దాం!"

ప్రెస్సాయన మూలన నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. చేతిలో నా సంతకమున్న ప్రూఫు. ఆయన నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. పైకప్పులో చూడ్డానికి ఏమీ లేదు, అయినా చాలాసేపు చూశాను.

మా మేనకోడలు వెళ్ళి ఆ కాగితం తీసుకుంది. కింది దాకా చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆయన్నేం అనకండి. నంబరు ఫోన్లో చెప్పింది నేనే. తప్పు నాదే."

ఈసారి మాస్టారు తల పట్టుకోలేదు, కూలబడ్డాడు. ఆమె మాత్రం వ్యాను ఎక్కింది. "నా నంబరు ఏడండీ. నాలుగని అచ్చు వేయించాను. తప్పు నాది, మన్నించండి" అంటూ వీధులన్నీ తిరగడం మొదలుపెట్టింది.

ఊరంతా అదే ముచ్చట. కొట్టు దగ్గర, బస్సులో, క్షౌరశాలలో, ఎక్కడ విన్నా నాలుగూ ఏడూ. మొదట హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నానికి కడుపులో పాత మంట రాజుకుంది. డెబ్భై ఏళ్ళ బతుకులో ఊరంతా చెప్పుకునే పని నేను చేసింది ఒక్కటే. అది కూడా ఆమె పేరు మీద చలామణీ అవుతోంది!

ఆ ఉక్రోషంతోనే వెళ్ళి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఉన్న ముసలి కండక్టరు తనంతట తనే మొదలుపెట్టాడు.

"మీ అమ్మాయి అంతేనండి. ఓసారి నేనొక పెద్దమనిషిని స్టాపు దాటించి దింపాను. ఆయన ఫిర్యాదు రాయడానికి కిటికీ దగ్గరికొచ్చాడు. అప్పటికే నా మీద రెండున్నాయి, మూడోది పడితే ఇంటికే. అమ్మాయి 'తప్పు నాదేనండి, స్టాపుల బోర్డు నేనే సరిగ్గా పెట్టలేదు' అంది. ఆయన చల్లబడి కాగితం చింపేసి పోయాడు. నాలుగేళ్ళలో మా డిపోలో ఒక్కడి ఉద్యోగం పోలేదు."

"మరి అంత బాగుంటే తనెందుకు మానేసింది?"

"మానేసిందా! పీకేశారండి. పై ఆఫీసరొచ్చి, ఈ బస్సులు ఆలస్యం కావడం ఎవరి తప్పమ్మా అన్నాడు. 'మీదేనండి, టైర్లు అడిగి ఏడు నెలలైంది' అనేసింది. కిందోడి తప్పుకి అడ్డం నిలబడేది, పైవాడి తప్పుని మాత్రం పేరు పెట్టి పిలిచేది. అలాంటోళ్ళని ఎవరుంచుకుంటారు?"

ఆలోచిస్తే, పెద్దాయన ఎదురుపడినప్పుడు ఆమె 'తప్పు నాదే' అనగా నేనెన్నడూ వినలేదు. నేను అన్నేళ్ళూ జబ్బనుకున్నది, నిలబడ్డ చోటల్లా ఎవరో ఒకరి ఉద్యోగాన్నో పరువునో కాస్తూ వచ్చింది. ఆ వేళ కాసింది నాది.

మర్నాడు సాయంత్రం ఆఖరి సభ. ఆమె మైకు ముందు నిలబడి కరపత్రం సంగతి ఎత్తుకోబోతుండగా నేను గబగబా వేదిక ఎక్కాను. సిగ్గు సగం, కుళ్ళు సగం, ఏది ఎక్కించిందో నాకే తెలీదు.

"ఆ నాలుగు నాది!" అని అరిచాను. "సంతకం నాది! అలిగి, చూడకుండా పెట్టాను! ఈ పిల్లకేం సంబంధం లేదు!"

కుట్టుపని ఆవిడ ముక్కు చీదుతూ లేచింది.

"చూశారా! మేనకోడల్ని కాపాడుకోడానికి ముసలాయన తన నెత్తినేసుకుంటున్నాడు! వాళ్ళ రక్తంలోనే ఉంది!"

చప్పట్లు మోగాయి.

"కాదమ్మా, నిజం! ప్రెస్సాయన్ని అడగండి!"

ప్రెస్సాయన లేచి నిలబడ్డాడు. నా వైపూ, మా పిల్ల వైపూ చూశాడు. "మావయ్యగారిది వెన్నలాంటి మనసండి" అని కూర్చున్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఎవరో ఈల వేశారు.

"ఆ కాగితం తియ్యవే!" అన్నాను పళ్ళు నూరుతూ.

"ఏ కాగితం మావయ్యా?" అంది, పసిపాపలా.

నలభై మూడు ఓట్ల తేడాతో గెలిచింది. ఆ రోజున్నరలో మా నియోజకవర్గంలో చంటిపిల్లలతో సహా ఏడో నంబరు తెలియనివాళ్ళు లేకపోయారని మాస్టారు ఇప్పుడు అంటాడు. తప్పుడు కరపత్రం తన వ్యూహమేనేమో అన్నట్టు మీసం కూడా దువ్వుతాడు.

ఆమె శాసనసభకు వెళ్ళిన మొదటిరోజు మంత్రిగారిని నిలబెట్టి, మా ఆసుపత్రికి డాక్టరు రాకపోవడం ఎవరి తప్పని అడిగిందట. ఆయన లేచాడు, నీళ్ళు తాగాడు, కూర్చున్నాడు. డాక్టరు మాత్రం మూడో వారం వచ్చాడు.

ఇక నా సంగతి. వీధిలో నడుస్తుంటే జనం లేచి నిలబడుతున్నారు. క్షౌరశాలలో వరస తప్పించి ముందు కూర్చోబెడుతున్నారు. మా చెల్లెలయితే కూర మొదట నాకే వడ్డిస్తోంది. ఆ తప్పు నిజంగా నాదేనని చెప్పిచెప్పి నోరు నొప్పి పుట్టింది, ఒక్కరూ నమ్మరు. చెప్పిన కొద్దీ "ఎంత గొప్ప మనసో" అని ఇంకాస్త కరిగిపోతారు. మా మేనకోడలి మీద నాకిప్పుడు కుళ్ళు లేదు. ఉన్నదంతా వీళ్ళు పొద్దస్తమానం పొగిడే ఆ మంచి మావయ్య మీదే. ఎవడో గానీ, అదృష్టవంతుడు.