పండగ దాటాక సుక్రి పాడిన పాట

మా చిన్నప్పుడు ఒక సంతరోజు... అరకులో రెండు పనసచెట్ల మధ్య తెల్లపంచె కట్టి, కదిలే బొమ్మలు చూపిస్తామని డప్పు కొట్టారు. తెల్లదొరల రోజులవి. మా కొండలకి రైలు ఇంకా రాలేదు.

పొద్దు వాలగానే పెట్టెలో దీపం వెలిగించి పిడి తిప్పారు. ఆ మంట ఎగిరి పంచె అంటుకుంటుందేమోనని నా భయం నాది... నాకు అప్పటినుంచీ అంతే, అన్నిటికీ భయమే. నా పక్కన కూర్చున్న సుక్రి మాత్రం రెప్ప వెయ్యలేదు.

సుక్రి మా పక్కింటి పిల్ల. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది. తల్లీ తండ్రీ మన్యం జ్వరంతో పోతే మేనమామ ఇంట్లో పెరిగింది. ఆ పిల్లకి పాట కట్టడం పుట్టుకతో వచ్చింది. కోడి పొదిగినా పాటే, వాన వెలిసినా పాటే... పెళ్లిళ్లలో ధింసా ఆడాలంటే పొరుగూళ్లవాళ్లు కూడా "సుక్రిని తీసుకురండి" అనేవారు.

ఇంట్లో మాత్రం అత్త నోరే వినిపించేది.

"ఏటే గుంటా, పాటలు సేత్తన్నావా? బేగి రా! ఈ సోళ్లు నీ అమ్మ లేసొచ్చి దంచుద్దా?"

ఆ వెనకే చీపురుకట్ట దెబ్బ.

ఇక ఆ తెరమీద... ఒక దొరల పిల్ల. ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని మీదకొస్తోంది. బొమ్మలకి నోళ్లు కదులుతాయి గానీ మాట రాదు. పక్కన నిలబడ్డ మనిషి కథ చెప్పేవాడు. పిల్ల కదలకుండా నిలబడి ఏదో అంది. "నన్ను కొట్టడానికి నువ్వెవతివి?" అని ఆయన అరిచాడు. పెద్దావిడ కర్ర పడేసి తల దించుకుంది. సంతంతా ఈలలు...

ఇంటికి నడుస్తుంటే సుక్రి అడిగింది.

"ఒక్క మాటకే తలొంచేసిందేటే ఆవిడ?"

"బొమ్మ కదే అది..."

"బొమ్మకే సిగ్గుంటే మా అత్తకుండదేటి?"

ఇది అత్తమీద పాట కడుతుందని నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే మా ఊళ్లో ఒక కట్టు ఉంది. చైత్రం పండగ రోజుల్లో ఆడపిల్లలు ఎవరిమీదైనా ఎకసెక్కం పాట కట్టొచ్చు. ఊరిపెద్దనైనా సరే... నవ్వి ఊరుకోవాలి తప్ప కోపం రాకూడదు. పండగ ముగిసి డప్పు చూరుకి తగిలించాక మాత్రం అలాంటి పాట నోట రాకూడదు. వస్తే పంటకి కీడని నమ్మేవారు. ఆ ఏడు పండగ అప్పుడే వెళ్లిపోయింది.

"మళ్లీ పండగ దాకా ఆగవే సుక్రీ..."

"ఏడాదంతా సీపురుదెబ్బలు తినమంటావేటి?"

కొన్నాళ్లకే ఊళ్లో పెళ్లి వచ్చింది. ఆడవాళ్లంతా ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసి ధింసాకి నిలబడ్డారు. వాళ్లలో మా అమ్మా ఉంది. నేను చిన్నదాన్నని గట్టుమీద కూర్చోబెట్టారు. సుక్రి పాట ఎత్తుకుంది...

"ఎద్దుకి గడ్డేత్తాది మా అత్త,
కోడికి నూకలేత్తాది మా అత్త,
నాకేటేత్తాదో సెప్పండే...
ఈపుమీద సీపురుకట్ట!"

మొదట అందరూ పకపకా నవ్వారు. వాళ్ల మామ కూడా నవ్వాడు. అంతలో ఒక ముసలమ్మ "ఓలమ్మో, ఇది పండగా?" అంటూ చెయ్యి వదిలేసింది. ఆ పక్కామె వదిలింది. తర్వాత మా అమ్మ... అలా వరసంతా విడిపోయింది. వాయిద్యాలు ఆగిపోయాయి. మధ్యలో సుక్రి ఒక్కతే అడుగు వేస్తూ పాట చివరిదాకా పాడింది.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. ఆ పిల్ల వీపు ఎవరూ చూడలేదు. ఊరిపెద్ద అడిగింది ఒక్కటే.

"ఆ పాట ఏ రోజున పాడాలో నీకు తెలీదేటే?"

"తెలుసు తాతా. మరి దెబ్బలు ఏ రోజున తినాలో అదీ సెప్పండి."

ఎవరూ నవ్వలేదు. ఆయన నేల చూస్తూ, ఇకమీదట ఈ పిల్ల ధింసాలో నిలబడకూడదన్నాడు.

ఒకటి మాత్రం నిజం. అత్త ఆ తర్వాత చెయ్యెత్తలేదు. ఆ పిల్లతో మాట్లాడనూ లేదు. ఊళ్లో ఎవరూ పెళ్లికి పిలవలేదు, వాగు దగ్గర ఎవరూ కబురాడలేదు. సుక్రి పాడటం మానేసింది. నేను వెంటపడి "ఒక్కటి పాడవే" అంటే, "ఎవరితో కలిసి పాడాలే?" అనేది.

మరుసటేడు అస్సాం తేయాకు తోటలకి మనుషుల్ని తీసుకుపోతుంటే, వాళ్లతో కొండ దిగి వెళ్లిపోయింది. ఉందో పోయిందో ఈనాటికీ తెలియదు. ఎక్కడైనా గట్టిగా పాడిందో, అక్కడా నోరు మూయించారో... మా అమ్మ ఆ తర్వాత పెళ్లిళ్లలో ఆటకి లేవలేదు. కాళ్ల నొప్పులనేది.

నేను వందకి దగ్గరపడ్డాను. రెండు తరగతుల చదువు నాది, చెబుతుంటే మనవరాలు ఫోనులో కొడుతోంది. ఇంట్లో పిల్లలు టీవీలో అలాంటి సినిమాలే చూస్తారు. తెలివైన పిల్ల చెడ్డ పెద్దవాళ్లని నిలదీస్తుంది... వీళ్లు చప్పట్లు. నాకేమో మనసు ఒక్కచోట ఉండదు. "మర్నాడు ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టారే?" అంటాను. "సినిమా అయిపోయింది అవ్వా, పడుకో" అంటారు.

ఇప్పుడు అరకులో చూడటానికి వచ్చినవాళ్ల కోసం ఏ రోజైనా ధింసా ఆడుతున్నారు. ఏ పాటైనా పాడొచ్చు, తప్పు పట్టేవాళ్లు లేరు... ఆ రోజున "పాడితే తప్పేటి" అని ఒక్కరైనా అనుంటే!

మీ ఊళ్లోనూ అలా ఎదురుచెప్పిన పిల్ల ఉండే ఉంటుంది. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయండి... ఆ రోజు ఎవరైనా చెయ్యి వదలకుండా పక్కన నిలబడితే, వాళ్ల పేరు కూడా రాయండి. ఒక్కటైనా ఉంటే బాగుండును.