క్యారియర్ మీద బ్యానర్

వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో ఏళ్ల తరబడి ఈ మాట బోర్డు మీద రాసి, పిల్లల చేత వల్లె వేయించాను. కారు నిదానంగా పోతుంటే గాలిని తోయడానికి ఇంజిన్ పెద్దగా కష్టపడదు. వంద మీద పరుగెత్తిస్తే పెట్రోల్లో చాలా భాగం గాలిని నెట్టడానికే పోతుంది. ఈ లెక్క తప్పిన పిల్లలను నిలబెట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, ఒక బంద్ నాటి పొద్దున్నే బెజవాడ నుంచి బావ ఫోన్ చేశాడు. "మీ అక్కకి ఆయాసం ఎక్కువైందిరా. డాక్టరు మధ్యాహ్నం దాకా కూడా నమ్మకం చెప్పట్లేదు. నిన్నే అడుగుతోంది, ఎలాగోలా వచ్చెయ్."

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తన పెళ్లి నాలుగేళ్లు వాయిదా వేసుకుంది నా చదువు కోసం. ఆవిడ కళ్లు మూయకముందు ఒక్కసారి ఎదురుగా నిలబడాలి, అంతే నాక్కావలసింది.

బస్సులు లేవు, రైళ్లు ఆపేశారు, ఎల్బీనగర్ చుట్టుపక్కల బంకులన్నీ మూసేశారు. నా పాత కారులో పది లీటర్ల పైచిలుకు పెట్రోల్ ఉంది. కోదాడ దాటితే కృష్ణా జిల్లా, అక్కడ బంద్ లేదు, బంకులు తెరిచే ఉంటాయి. నిదానంగా నడిపితే అక్కడిదాకా సరిపోతుంది.

కానీ నాకు భయం. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా నోరు తెరిస్తే మాది కృష్ణా జిల్లా అని తెలిసిపోతుంది. దారిలో ఎవరైనా ఆపితే? మా కోచింగ్ పిల్లలు ర్యాలీ కోసం రాయించుకున్న 'జై తెలంగాణ' బ్యానర్ ఒకటి మెట్ల కింద ఉంటే తెచ్చి, రెండు కర్రలకు బిగించి, కారు పైనున్న క్యారియర్ మీద అడ్డంగా నిలబెట్టాను.

మా ఇంటి ఓనరు అల్మాస్‌గూడ రైతు. ట్రాక్టరు, లారీ నడిపిన మనిషి. చూసి తల పట్టుకున్నాడు.

"గింత బ్యానర్ ఎందుకు సార్? గాలికి అడ్డం వడి పెట్రోలంతా తాగుతది. క్యారియరే ఇప్పేద్దాం, నాలుగు నట్లే గదా."

"దారిలో ఆపితే ఎవరండీ దిక్కు?"

"అక్కకు పానం బాగలేదంటే ఎవలాపుతరు సార్? మేం గట్లాంటోళ్లమా?"

ఆయన ముఖం చిన్నబోయింది. అది చూసి కూడా నేను బ్యానర్ విప్పలేదు. "ఎనభై దాటకుండ్రి సార్" అన్నాడు వెనక నుంచి. నాకే పాఠం చెబుతున్నాడని చిరాకేసింది.

రోడ్డంతా ఖాళీ. హయత్‌నగర్ దాటగానే అక్క ముఖమే కళ్ల ముందు ఆడింది, కాలు యాక్సిలరేటర్ మీద బిగిసింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు. బ్యానర్ పటపటా కొట్టుకుంటోంది, ఇంజిన్ మూలుగుతోంది, పెట్రోల్ ముల్లు కళ్ల ముందే కిందికి జారుతోంది. అయినా వంద తగ్గలేదు. చౌటుప్పల్లో, సూర్యాపేటలో రోడ్డు మీద కూర్చున్న వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఒక్కడూ ఆపలేదు.

మునగాల దగ్గర కారే ఆగిపోయింది. కోదాడ ఇంకెంతో దూరం లేదు.

ఎదురుగా ఊరివాళ్లు రోడ్డు మీదే పొయ్యిరాళ్లు పెట్టి నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. చెట్టు కింద వరసగా మోటార్ సైకిళ్లు. దిగి అడిగితే అయిపోయేది. నేను అద్దాలు పైకెత్తి, తలుపులు లాక్ చేసుకుని కూర్చున్నాను. గంట దాటింది. బావ ఫోన్ చేస్తే "వస్తున్నా" అన్నాను.

చివరికి ఒక ముసలమ్మ చెంబుతో వచ్చి అద్దం మీద తట్టింది.

"గప్పటి సంది ఎండల గట్లనే కూసున్నవేంది బిడ్డా? నీళ్లు తాగు."

ఏడుస్తూ చెప్పాను. నా యాస ఆమె పట్టించుకోనేలేదు. "అయ్యో, గా ముచ్చట ముందే చెప్పొద్దా!" అని కేకేసింది. పది నిమిషాల్లో రెండు బండ్లలోంచి పైపుతో పెట్రోల్ తీసి నా కారులో పోశారు. బ్యానర్ విప్పి మడిచి వెనక సీట్లో పెట్టింది కూడా వాళ్లే.

నేను వెళ్లేసరికి అక్క పోయి అరగంటయింది. "తమ్ముడు ఎందాకా వచ్చాడు" అని ఆఖరి దాకా అడుగుతూనే ఉందట.

"దారిలో ఆపేశారా వాళ్లు?" అన్నాడు బావ, ఎర్రబడ్డ కళ్లతో.

అవునని తలూపాను. ఇంటినిండా ఉన్న బంధువులందరూ ఆ సాయంత్రం దాకా వాళ్లను తిట్టిపోశారు. నేను అక్క కాళ్ల దగ్గర కూర్చుని అన్నీ విన్నాను.