నూనె డబ్బా వెనక గొంతు

పోయిన ఆదివారం న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో మా అక్క ఇంటికి వెళ్ళేసరికి, తను ఇడ్లీ రేకులకు నూనె రాస్తోంది. ఆ స్టాండుకు నాలుగు రేకులుండాలి, మూడే ఉన్నాయి. ఒక రేకు రాలిన పువ్వులా ఉందని నేనెప్పుడో అన్నాను. అక్క నవ్వలేదు, ఇప్పటికీ నవ్వదు. గట్టు మీద ఫోన్లోంచి మా బావగారు మాట్లాడుతున్నారు. "ముందు నూనె రాయాల్రా. మసి పట్టాక గోకుదాంలే అనుకుంటే, ఇంక జీవితమంతా గోక్కుంటూనే ఉంటావ్." తెలియనివాళ్ళు వింటే ఇడ్లీ రేకుల సంగతే అనుకుంటారు. కాదు, అది తుపాకీ సైలెన్సరు సంగతి. ఆయన పోయాక మాకు మిగిలిన ఆయన గొంతు అదొక్కటే.

గొంతంటే మామూలు గొంతు కాదు. చర్చిలో మైకు మొరాయిస్తే పాస్టరుగారు ఎలక్ట్రీషియన్ కోసం కాక బావ కోసం చూసేవారు. ఆయన ఉద్యోగం ఆస్పత్రిలో, ఆపరేషన్ కత్తెరలూ కత్తులూ కడిగి శుద్ధిచేసే విభాగంలో. అంతకుముందు కాకినాడలో ఉన్నప్పుడు స్కూటరు సైలెన్సర్లు ఊడదీసి, లోపలి మసి కాల్చి దులపడం ఆయన సరదా. అందుకే వెనక కంచె అవతలి పెద్దాయన, మేం పొలం అంకుల్ అనే కివీ రైతు, ఒకరోజు సైలెన్సరు శుభ్రం చేయడం వచ్చా అని అడిగితే, చిన్నప్పట్నుంచీ అదే పని అని చెప్పి, స్పానర్ల పెట్టె మోసుకుంటూ బయల్దేరారు. వెనక నేను. అంకుల్ మా చేతికిచ్చింది జానెడు నల్ల గొట్టం. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంట్రా బామ్మర్దీ, ఇంత బుల్లి సైలెన్సరు? ఏ బండిది?" అన్నారు. నాకు తెలియని విషయం లేదన్నట్టు మొహం పెట్టి, "గడ్డి కోసే మిషన్‌దై ఉంటుంది బావా," అన్నాను. అంకుల్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, కుందేళ్ళ కోసం ఉంచుకున్న చిన్న రైఫిలు చూపించారు.

తెలియదని ఒప్పుకుని వెనక్కొచ్చే రకం కాదు మా బావ. తుపాకీ అంకుల్ ఇంటి బీరువాలోనే ఉండేది, గొట్టం మాత్రం బావ గ్యారేజీకి వచ్చేది. విప్పితే లోపల గరాటుల్లాంటి చిన్న చిన్న గిన్నెలు, ఒకదాని మీద ఒకటి. బాఫిల్స్ అంటారట. తుపాకీ గొంతు నొక్కేవి అవే, మసి పట్టేదీ వాటికే. బావ చేతులకు గ్లవ్స్, మొహానికి మాస్కు తగిలించుకుని, ఆస్పత్రి కత్తెరలకు చేసే మర్యాదలన్నీ వాటికీ చేసేవారు. ముందు నానబెట్టడం, మెత్తటి బ్రష్షుతో తోమడం, ఆరబెట్టడం, మళ్ళీ బిగించే ముందు పల్చగా సిలికాన్ నూనె పూయడం. అలా పూస్తే మళ్ళీసారి మసి అంటుకోదు, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. ఆరబెట్టడానికి ఆయన కళ్ళకు కనిపించింది అక్క ఇడ్లీ రేకు. ఒక్కో గుంటలో ఒక్కో గిన్నె, కొలిచి చేయించినట్టు కూర్చుంది. అక్క చూసి, "ఏవండీ, ఇంక మీ తుపాకీనే ఇడ్లీలు పెట్టమనండి!" అని కేకేసింది. మసిలో సీసం ఉంటుందనీ, ఆ రేకు ఇక వంటకు పనికిరాదనీ తీర్పిచ్చి, బావే దాన్ని గ్యారేజీకి బదిలీ చేసేసుకున్నారు.

తర్వాత ఆయన గొంతులోనే ఏదో పట్టింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. అక్క ఏడవడం అయ్యాక అడిగింది ఒక్కటే, ఆపరేషన్‌కు ముందు ఆ గొంతు ఫోన్లో దాచుకోవాలని. ప్రార్థన చేయమంది, పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంది. మైకే అక్కర్లేని మనిషి ఫోను చూడగానే మూగబోయేవారు. "అందరికీ వందనాలు," అని దగ్గి, "ఇంకేం చెప్పమంటావే?" అని నేల చూపులు చూసేవారు. రోజులు దగ్గరపడ్డాయి గానీ వందనాలు దాటి ఒక్క మాట ముందుకు పడలేదు.

ఆస్పత్రిలో చేరే ముందురోజు మధ్యాహ్నం పొలం అంకుల్ చూడ్డానికొచ్చారు. బావే పట్టుబట్టి ఆ గొట్టం తెప్పించుకున్నారు. "ఇవాళ కూడా ఆ గొట్టమేనా?" అని అక్క మండిపడబోయి, ఎందుకో ఆగింది. నా వైపు తిరిగి, "వీడికి నేర్పండి. మీరు ఆస్పత్రిలో ఉంటే అంకుల్‌కు ఎవరు చేసిపెడతారు?" అంది. స్క్రూ బిగించమంటే ఊడదీసే నా పనితనానికి మొదటిసారి ఒక గిరాకీ వచ్చింది. బావ మొదలుపెట్టారు. గొంతు గరగరలాడుతోంది, అయినా ఆపలేదు. "వరస తప్పకు. గీతకు గీత కలవాలి. అదిగో, తిరగేసి పెట్టావ్. నీకు పిల్లనెవరిచ్చార్రా?" నేను ప్రశ్న మీద ప్రశ్న వేశాను. కొన్ని కావాలని అడిగాను, చాలామటుకు నిజంగా తెలియకే అడిగాను. గ్యారేజీ తలుపులోంచి కొండ మీద గాలిమరలు కనిపిస్తున్నాయి. అక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది.

అంతా బిగించాక ఆయన రేకు తోమారు. నల్లటి వలయాలు పోలేదు. "దీనికి ముందే నూనె రాయాల్సింది," అన్నారు. తర్వాత తలెత్తకుండానే అక్కతో, "ఏమోయ్, ఆ నూనె డబ్బా వెనకాల నీ ఫోనుంది. జిడ్డవుతుంది, తీసుకో. నిండిందా?" అన్నారు. రికార్డింగ్ అక్కడితో అయిపోతుంది.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు సైగలతోనే నన్ను తిట్టి, ఆయన వెళ్ళిపోయారు. అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా అంకుల్ గొట్టం ఇప్పుడు నేనే కడుగుతాను, ఫోన్లో ఆయన తిడుతుంటే. ఆదివారం కూడా కడిగి, గిన్నెల్ని ఆ రేకులోనే ఆరబెట్టాను. ఇడ్లీలకు పిలవడానికొచ్చిన అక్క, రేకు మీది వలయాన్ని వేలితో ఒకసారి రాసి చూసి, లోపలికెళ్ళింది. ఏదీ అంటుకోకుండా కాలం అన్నిటికీ ముందే నూనె రాసుకుంటూ పోతుంది. ఆ రేకొక్కదాన్నీ ఎందుకో మరిచిపోయింది.