మేస్త్రి కంటికి ఒరిగిన స్తంభం

పార్కు నడుమ రాజ్యాంగ స్తంభాన్ని నిలబెట్టింది మేస్త్రే. దేశానికి రాజ్యాంగం వచ్చిన రోజు అందరికీ సెలవు. ఆ పొద్దున ఊరంతా అక్కడ చేరి, స్తంభం మీద చెక్కిన "అందరూ సమానమే" అన్న మాటను గొంతు కలిపి చదువుతుంది. మేస్త్రి, ఆయన భార్య కూడా చదువుతారు. కాకపోతే ముప్పై ఏళ్లుగా గేటు పక్కన, నీడలేని ఎండలో నిలబడి. అక్కణ్ణుంచి చూస్తే స్తంభం ఒరిగినట్టు కనబడదు మరి.

తెల్లారితే పండగనగా హడావిడిగా నిలబెట్టిన స్తంభం అది. నిలువు చూసే గుండు దారం సరిగ్గా అప్పుడే తెగింది. నా కన్ను చాలదా అనుకుని మేస్త్రి కంటి కొలతతో కానిచ్చేశాడు. మర్నాడు ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపుకి వేలెడు వాలు. ఊళ్లో ప్రతి గోడకీ వంకలు పెట్టే ఈ పెద్దమనిషికి, మళ్లీ గుండు కట్టి చూసే ధైర్యం మాత్రం రాలేదు.

ఈసారి పండగకు వారం ముందు పార్కు కాపలాదారు చల్లగా చెప్పాడు. "స్తంభం వంకరగా ఉందని ఎవరో అర్జీ పెట్టారంట. రేపు ఇంజనీరొచ్చి కొలుస్తాడు. నిజమైతే పడగొట్టేస్తారు."

మేస్త్రికి ముద్ద దిగలేదు. దాచుకున్నదంతా భార్య దగ్గర కక్కేశాడు. ఆ స్తంభానికి సిమెంటు మోసిన మనిషి ఆవిడ. పొద్దున్నే సంచిలో గుండు దారం వేసుకుని, ఆయన్ని రెక్క పట్టుకుని పార్కుకు లాక్కెళ్లింది. స్టూలెక్కి తనే గుండు వేలాడదీసింది. దారం రాతి అంచు పక్కనే పైనుంచి కిందదాకా ఒకే ఎడంలో నిలిచింది.

"మరి నాకెందుకు ఒరిగినట్టుంటుందే?"

"కిందకి చూడు. వాననీళ్లు కాలవలోకి పోవాలని స్తంభం చుట్టూ ఈ అరుగు ఏటవాలుగా వేయించిందెవరు?"

"నేనే," అన్నాడు మేస్త్రి, నెమ్మదిగా.

మధ్యాహ్నం ఇంజనీరు కూడా కొలిచి, స్తంభం నిక్షేపంలా ఉందని రాసుకుని పోయాడు. ఆ రాత్రి మేస్త్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పండగనాడు ఆయన స్తంభానికి ఎదురుగా, చెట్టు కింద, ముందు వరసలో నిలబడ్డాడు. ఇంత సంతోషం ఆయన మొహంలో భార్య చూసి చాలా ఏళ్లయింది. అయినా ఊరుకోలేదు.

"ఏమయ్యా, ఇక్కడ ఇంత నీడుందని ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా చెప్పావా?"

ఆయన అదృష్టం బాగుండి అప్పుడే చదవడం మొదలైంది. మేస్త్రి అందరికంటే గట్టిగా "అందరూ సమానమే" అన్నాడు. ఆవిడ ఆయన్ని మోచేత్తో కాస్త జరిపి, నీడలో సగం తీసుకుంది.