గాబ్రియేలు చెప్పిన లెన్సు

బిక్షపతి తరాజును కూడా అనుమానించే మనిషి. మెదక్ బస్టాండు ఎదురుగా అతని ఫోటో స్టూడియో. పెళ్లికూతురు నవ్వితే ఆ నవ్వు పెళ్లికొడుకు కోసమా కెమెరా కోసమా అని చూసేవాడు. ఎవరైనా మంచి మాట చెబితే దాని వెనకాల ఏముందో వెతికేవాడు. చిన్న ఊళ్లో ఒకే పని ఇద్దరు చేస్తే ఈ గుణం దానంతటదే వస్తుంది. ఆ రెండో మనిషి గాబ్రియేలు.

ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఒకే కలర్ ల్యాబులో పని నేర్చినవాళ్లే. తర్వాత రోడ్డుకు ఇటొకరు అటొకరు స్టూడియోలు పెట్టుకుని, అవతలివాడి షట్టరు ఎప్పుడు లేస్తుందో చూసుకుంటూ బతుకుతున్నారు.

అలాంటి గాబ్రియేలు ఒక పొద్దున రోడ్డు దాటి వచ్చి, తన చెల్లెలి కూతురు లిడియా పెళ్లికి ఫోటోలు నువ్వే తీయాలన్నాడు. పిల్లకు తండ్రి లేడు. మేనమామగా తనే చెయ్యి పట్టి చర్చిలోకి నడిపించాలి కాబట్టి కెమెరా పట్టుకునే వీలు లేదు. ప్రమాణాలప్పుడు ఫ్లాష్ వద్దని మాత్రం పాస్టరయ్య గట్టిగా చెప్పాడట.

బిక్షపతి సరేనన్నాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు.

"సొంతింటి పెండ్లి నాకెందుకిస్తుండు? ఖరాబైతే ఊరంత చూపియ్యనీకే," అన్నాడు భార్య అరుణతో.

"మంచిగొస్తె గూడ ఊరంత చూస్తది గద," అంది అరుణ బెండకాయలు తరుగుతూ.

ఆ మాటలో ఏముందా అని కాసేపు ఆమెను కూడా చూశాడు.

అతని మిర్రర్‌లెస్ కెమెరాకున్న జూమ్ లెన్సు మసక వెలుతురులో చేతులెత్తేస్తుంది. ఫ్లాష్ లేకుండా తీయాలంటే, ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే ప్రైమ్ లెన్సు కావాలి. దానికి జూమ్ ఉండదు. మనిషి దగ్గరగా కనపడాలంటే మనమే నడవాలి. ఒక్కటే కొనగలడు. ముప్పై ఐదు ఎమ్మెమ్మా, ఎనభై ఐదా? మొదటిది పక్కనే నిలబడి తీసేవాడికి. రెండోది దూరం నుంచి ముఖాన్ని పట్టేది. వీడియోల్లో ఒకడు దీన్ని పొగిడితే ఇంకొకడు దాన్ని పొగిడాడు. కంపెనీలు లెన్సులు ఊరికే ఇచ్చి ఉంటాయని ఇద్దరినీ కొట్టిపారేశాడు.

మనసు మాత్రం ముప్పై ఐదు వైపే లాగింది. మండపం ఎక్కి, పంతులు భుజం మీదుగా వంగి, "జర ఆగుండ్రి" అని కట్టబోయే తాళిని కూడా ఆపిన అలవాటు అతనిది. చుట్టాలకు పెళ్లి కనపడకపోయినా అతని వీపు కనపడేది.

టీకొట్టు దగ్గర గాబ్రియేలు ఎదురుపడి, ఏ లెన్సు తెస్తున్నావని అడిగాడు. బిక్షపతి నసిగాడు.

"ముప్పై ఐదు తీస్కో. నీకు గదే పనికొస్తది," అన్నాడు గాబ్రియేలు టీ ఊదుకుంటూ.

తన మనసులో మాట పగవాడి నోట వినపడేసరికి బిక్షపతికి ఆ మాట మీదే అనుమానమొచ్చింది. మర్నాడే హైదరాబాద్ బస్సెక్కాడు. కోఠిలో పెట్టె సీలు గోటితో గీకి, అద్దాన్ని ఎండకెత్తి చూసి, ఎనభై ఐదు కొన్నాడు. మంచిది తీసుకున్నారని షాపువాడు మెచ్చుకుంటే, నర్సాపూర్ దాటేదాకా అదే దిగులు.

పెళ్లినాడు చర్చిలో ఒక పెద్దమనిషి అతన్ని ముందు బెంచీ పక్కన నిలబెట్టి, ప్రమాణాలు అయ్యేదాకా అక్కడి నుంచి కదలొద్దన్నాడు. అంత పెద్ద చర్చిలో ముందు బెంచీ నుంచి కూడా పాస్టరయ్య చాలా దూరంలో ఉన్నాడు. జర ఆగుండ్రి అన్నా ఆగే మనిషిలా లేడు. ముప్పై ఐదు తెచ్చి ఉంటే పెళ్లికూతురూ పెళ్లికొడుకూ రెండు అగ్గిపుల్లల్లా పడేవారు. రంగుటద్దాల్లోంచి పడుతున్న వెలుగులో ఉంగరం తొడుగుతుంటే, లిడియా పెళ్లికొడుకును వదిలేసి పక్కనున్న మేనమామను చూసింది. గాబ్రియేలు పెదవి కొరుక్కుంటున్నాడు. బిక్షపతి నొక్కాడు.

భోజనాల దగ్గర గాబ్రియేలు కెమెరా తెర మీద ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. తర్వాత లెన్సు మీది అంకె చూసి నవ్వాడు.

"ఎనభై ఐదే తెస్తవని తెల్సు."

"నువ్వు ముప్పై ఐదంటివి గదనే అన్నా."

"ఎనభై ఐదంటే తెస్తుంటివా?"

బిక్షపతికి తన స్టూడియో గది గుర్తొచ్చింది. బస్టాండు ఎదురుగా ఆ గది తీసుకోవద్దని అప్పట్లో గాబ్రియేలే అన్నాడు. పంతానికి పోయి తీసుకున్నాడు. ఈనాటికీ అన్నం పెడుతున్నది ఆ గదే. ఇన్నాళ్లూ తన తెలివి అనుకున్నదాంట్లో తనదెంత, రోడ్డవతలి వాడిదెంత? కీడు తలపెట్టేవాణ్ణి కనిపెట్టుకుని ఉండొచ్చు. మేలు చేసేవాణ్ణి ఎట్లా కనిపెట్టుకోవాలి?

"బిర్యానీ ఇయ్యాల అంత మంచిగ కుదరలేదురా, తినకు," అని చెప్పి గాబ్రియేలు చుట్టాల్లోకి వెళ్లిపోయాడు.

బిక్షపతి ప్లేటు పట్టుకుని వడ్డించేవాడి ముందు నిలబడ్డాడు. తింటే వాడు గెలిచినట్టు. తినకపోయినా వాడే గెలిచినట్టు. వెనక జనం తోస్తుంటే రెండు గరిటెలు వేయించుకున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

చాలా బాగుంది. అదే అతనికి నచ్చలేదు.