మునుంలో చిక్కిన రోజు

మొన్న హనుమకొండ సుబేదారిలో మా ఇంట్లో మనుమరాలు సోఫాలో పడుకుని, లేవకుండానే, బద్ధకం అనే మాట ఎక్కడినుంచి వచ్చింది నానమ్మా అని అడిగింది. స్కూల్లో రాసుకు రమ్మన్నారట. ఆ మాట అడగడానికి ఇంతకంటే తగిన పిల్ల ఎవరుంటారని నవ్వొచ్చింది. బద్ధం అంటే కట్టేసినదని, అందులోంచే బద్ధకం పుట్టిందంటారని, పాతికేళ్లు తెలుగు పంతులమ్మగా చెప్పిన మాటే మళ్లీ చెప్పాను. చెప్పాక మాత్రం నా మనసు నెక్కొండ దగ్గరి మా వరి మడిలోకి పోయి కూర్చుంది.

పదో తరగతి పాసైన ఆ వానకాలం, హనుమకొండ కాలేజీకి పోతానని నేను, వద్దని బాపు. ఆడపిల్లనని కాదు, బద్ధకస్తురాలినని! పుస్తకం పడితే పిలిచినా పలకనిదాన్ని మరి. ఒక్కపూట అందరితోపాటు నాటు వేసి చూపియ్యి, కాలేజీ సంగతి అప్పుడు మాట్లాడుదాం అన్నాడు. సరేనన్నాను.

నాట్లప్పుడు ఆడవాళ్లంతా మునుం పట్టి, అంటే ఒకే వరుసలో నిలబడి, వంగి నాటుకుంటూ వెనక్కి జరుగుతారు. మా ఊళ్లో ఒక పద్ధతుండేది. ఎవరు ఆలస్యమైతే వాళ్ల చుట్టూ నాటేసి దారి మూసేసేవాళ్లు. చిక్కిన మనిషి మీకు దండం, విడిపించండని అడిగితే, అందరూ నవ్వుకుంటూ ఆ ముక్క నాటిపెట్టి ఆమెను బయటికి తెచ్చేవాళ్లు. మా మేనత్తది ఎంత వేగమైన చెయ్యంటే, ఎందరినో చిక్కించింది గాని తాను ఎన్నడూ చిక్కలేదు. ఆ రోజు నన్ను చిక్కించిందీ ఆమే. "అడుగు బిడ్డా, అడిగితే ఏం పోతది?" అని ఒకటే నవ్వు. గట్టు మీద బాపు నిలబడి చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా అడగలేదు. అందరూ సద్ది తినడానికి గట్టెక్కినా, నడుము పడిపోతున్నా, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా, నా ముక్క నేనే నాటి, మొక్కల సందుల్లో అడుగులేసుకుంటూ, ఒక్క మొక్కా తొక్కకుండా బయటికొచ్చాను. మేనత్త బాపుతో అన్నది: "ఇది బద్ధకం గాదన్నా, మొండితనం. పంపు." మరుసటి వారమే బాపు నన్ను నెక్కొండ స్టేషన్లో రైలెక్కించాడు.

ఇప్పుడా మడిలో మెషిన్ వచ్చి గంటలో నాటేసి పోతాంది. చిక్కేవాళ్లు లేరు, చిక్కించేవాళ్లు లేరు, ఆ నవ్వులు లేవు, మేనత్తా లేదు. చిన్నప్పుడు బడికి పోతానని ఆమె కూడా ఏడ్చిందట. ఇంత పనిమంతురాలు బడికి పోతే నాట్లెట్ల అని మా తాత మాన్పించాడట. ఈ సంగతి ఆమె పోయాకగాని నాకు తెలియలేదు. బద్ధకస్తురాలని అనిపించుకున్న నేను ఊరు దాటాను. ఒక్కనాడూ బద్ధకమెరుగని మా అత్తనే ఆ మడికి కట్టేశారు.